కూతవేటు దూరంలో ఒక లంక

ఇళ్ల లెక్కకి బయలుదేరిన కొత్త పిల్లలకి ఒక మాట. మీ చేతిలో ఫోను ఉంది. ఇంటి గోడ దేనితో కట్టారు, పైకప్పు ఏమిటి, నీళ్ళు ఎక్కడివి, పొయ్యి ఏ రకం, అన్నీ అందులో నొక్కుతారు. దానితోపాటు మీ వంతు వీధులకి ఒక నక్షా గీయాలి. ఉత్తరాన ఏముంది, దక్షిణాన ఏముంది, గుర్తుగా చెప్పుకోదగ్గది ఏముంది అని రాయాలి. నెత్తిన ఎండ, ముందు ఇంకా సగం వీధి. మీరు "వాటర్ ట్యాంకు" అని గిలికేసి పక్క సందులోకి పోతారు. పోకండి. ఒక్కసారి నీడలోకి వచ్చి, నేను చెప్పేది విని పొండి.

నవ్వుకోనక్కర్లేదు. మా ఆఫీసులో నాకున్న పేరు నాకు తెలుసు. "ఆయన మాటల్లో రూపాయికి పావలా నమ్మొచ్చు, అదీ వర్కింగ్ డేస్‌లో మాత్రమే" అని మా సీనియర్ అసిస్టెంటు మేడమ్ కొత్తగా చేరినవాళ్ళకి మొదటిరోజే చెప్పి పెట్టేది. పట్టిసీమ రేవులో నేను తుమ్మితే అవతలి ఒడ్డున కట్టిన పడవ తాడు తెంచుకుపోయిందని ఒకసారి అన్నాను. అది అబద్ధమే. తాడు తెగలేదు, ముడి వదులైందంతే. ఈ కథలో మాత్రం ఒకే ఒక్క చోట పెంచాను. అక్కడికి రాగానే నేనే చెప్పేస్తాను.

నేను పనిచేసిన తహసీల్దారు ఆఫీసు గోదావరి గట్టుకి దగ్గర్లో ఉంటుంది. ముందస్తు పదవీ విరమణ తీసుకుని ఇంటికొచ్చేసే నాటికి నా సీటు రికార్డు రూములో. ఆ గదిలో ఎర్రగుడ్డ మూటలు, బూజు, నేను. ఆ మూటల్లో జనాభా లెక్కల పాత పుస్తకాలు కొన్ని ఉండేవి. పాత లెక్కల్లో తాతగారి పేరు దొరుకుతుందేమోనని అప్పుడప్పుడూ ఎవరో ఒకరు వచ్చేవారు. దొరకదు. మనుషుల పేర్లు రాసిన కాగితాలు లెక్క తేలగానే తీసేస్తారు. తీసెయ్యాలి కూడా, ఎవరి ఇంటి గుట్టు వాళ్ళది. మిగిలేవి చోట్లు. ఫలానా శివారుకి తూర్పున ఏముంది, పడమర ఏముంది అన్న వర్ణన.

నిజానికి ఆ చోట్ల పుస్తకాలు కూడా మా దగ్గర ఉండకూడదు. వాటిని పై ఆఫీసుకి పంపాల్సిన గుమాస్తా ఎవరో, ఎప్పుడో, రేపు పంపుదాంలే అనుకున్నాడు. ఆ రేపు మా కాలానికి కూడా రాలేదు. ప్రతి ఆఫీసులో ఒక బద్ధకస్తుడు ఉండి తీరాలి. చరిత్ర మిగిలేది అలాంటివాళ్ళ చలవే.

మూడేళ్ళ కిందట, మామిడికాయలు పిందె దాటుతున్న రోజుల్లో, మా ఆఫీసు ముందు ఒక కారు ఆగింది. వెనక టైర్లు సగం నేలలోకి దిగినట్టు కుంగి ఉంది కారు. అందులోంచి చేతికర్రతో ఒక పెద్దావిడ, ఆమె వెనక కూతురు దిగారు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చామన్నారు. పెద్దావిడ తండ్రి రైల్వే వర్కుషాపులో చేరినప్పటి నుంచీ వాళ్ళుండేది అక్కడేనట. కూతురు కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆ సంగతి ఆమె చెప్పకపోయినా తెలిసేది. ఎదుటివాడు నోరు తెరవగానే తప్పెక్కడుందా అని చూసే చూపు అది.

మా అటెండరు కారు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "డిక్కీలో ఏముందండీ, ఇంత బరువు?" అన్నాడు.

"మా అమ్మ" అంది పెద్దావిడ.

అటెండరు రెండడుగులు వెనక్కి వేశాడు.

"భయపడకు నాయనా. రాయి. దాని మీద మా అమ్మ పేరు చెక్కించాను. చోటు మీరు చూపిస్తే నిలబెట్టుకుని పోతాను."

లోపలికి తీసుకొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాం. ఆవిడ మంచినీళ్ళు తాగి చెప్పింది. ఆవిడ ఆరేళ్ళ పిల్లప్పుడు వాళ్ళ కుటుంబం ఈ ప్రాంతంలోనే ఒక లంకలో ఉండేది. నాన్న అక్కడి మిషను బడిలో పంతులు. అమ్మ జ్వరం వచ్చి పోయింది. చర్చి ముందు మూడు తాడిచెట్లుంటే, ఏటివైపు చెట్టు కింద సమాధి చేశారు. నెల తిరక్కుండా నాన్న పిల్లని చంకనేసుకుని ఖరగ్‌పూర్ వెళ్ళిపోయాడు. బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఆ ఊరి ఊసెత్తలేదు.

"ఏ లంకండీ?" అన్నాను.

"లంక."

"పేరు?"

"మేం లంక అనే అనేవాళ్ళం."

"అమ్మా, గోదాట్లో ఉన్న లంకలు మా ఆవిడ వంటింట్లో డబ్బాల కంటే ఎక్కువ. అన్నిటికీ మూతలు ఒకేలా ఉంటాయి. ఇంకేదైనా గుర్తు చెప్పండి."

ఆవిడ కళ్ళు మూసుకుంది. "గట్టు మీద ఊళ్ళో సరుకులు కొనుక్కుని నాన్న సాయంత్రం పడవ రేవుకి వచ్చేవాడు. అమ్మ చర్చి ముందు నిలబడి ఇక్కణ్ణించి కేక వేసేది. నాన్న అవతల రేవులోంచి 'ఆఁ... వస్తన్నా!' అనేవాడు. అది విన్నాక పొయ్యి మీద ఎసరు పెట్టేది." కళ్ళు తెరిచి నాకేసి చూసింది. "మా అమ్మ మొహం నాకు గుర్తులేదు అబ్బాయ్. ఫోటో కూడా లేదు. ఆ కేక ఒక్కటే గుర్తుంది."

కూతురు మెల్లగా అంది: "రెండేళ్ళ నుంచి ఇదే పాటండి. రాయి చెక్కించి వరండాలో పెట్టుకుంది. వచ్చేపోయేవాళ్ళు తలుపు కొట్టే ముందు దానికి దణ్ణం పెడుతున్నారు. డాక్టరు మోకాళ్ళు చూసి ఇక దూరప్రయాణాలు వద్దన్నాడు. ఇదే ఆఖరుసారి."

అంతే, నా నోరు ఊరుకుంటుందా? "రేపు సాయంత్రానికి మీ రాయి నిలబెట్టే పూచీ నాది!" అన్నాను.

మేడమ్ దగ్గింది. "అమ్మా, ఈయన గురించి మీకు ఒక మాట చెప్పాలి..."

"చెప్పక్కర్లేదమ్మా. మొహంలో కనిపిస్తోంది" అంది పెద్దావిడ.

ఆ మధ్యాహ్నం మా ఆఫీసులో జరిగినంత సందడి ఏ ఎలక్షనుకీ జరగలేదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో తీసిన లెక్కల మూట విప్పాం. తుమ్ములు మొదలయ్యాయి, వాటి గురించి చెప్పను. ఆ రోజుల్లో లెక్క రాసింది ఎక్కువగా బడిపంతుళ్ళు. వాళ్ళకి సరిహద్దు రాయమంటే కావ్యం రాసినంత పని. ఒకాయన "తూర్పు: ఎల్లవేళల కలహించు అత్తాకోడండ్ర గృహము" అన్నాడు. ఇంకొకాయన "దక్షిణము: కరచు కుక్క" అని రాసి, కింద గీత గీశాడు. మరొకాయన "పడమర: మామిడిచెట్టు, కాయ మిగుల పులుపు" అన్నాడు. తిని చూడందే ఎలా రాస్తాడు? మొదట్లో ముక్కు మీద కొంగు వేసుకుని దూరంగా కూర్చున్న మేడమ్, అత్తాకోడళ్ళ దగ్గరికి వచ్చేసరికి కుర్చీ నా పక్కకి లాక్కుంది. ఆ పైన పుస్తకం నా చేతికివ్వలేదు. తహసీల్దారుగారు రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ "వస్తున్నాం సార్" అన్నామే గాని ఎవరం లేవలేదు. మూడోసారి ఆయనే వచ్చి మా వెనక నిలబడి చదవడం మొదలెట్టారు.

లంకల భాగం రాగానే మేడమ్ గొంతు పెంచి చదివింది:

"ఉత్తరము: గోదావరి. దక్షిణము: గోదావరి. పడమర: పుచ్చపాదులు, పిమ్మట గోదావరి. తూర్పు: క్రైస్తవ ప్రార్థనాలయము, దాని ముందర మూడు తాడిచెట్లు, పిమ్మట చిన్న పాయ. పాయకు ఆవలి గట్టు కూతవేటు దూరము. సాయంకాలమున ఇచ్చటి కేక అచ్చటి రేవునకు స్పష్టముగ వినబడును."

మేడమ్ ఆగింది.

"అది మా అమ్మ" అంది పెద్దావిడ.

సరిహద్దు చెప్పడానికి "కూతవేటు" అన్న మాట చాలు. ఆ చివరి వాక్యం అనవసరం. అయినా రాశాడంటే, ఆ లెక్క రాసిన పంతులు సాయంత్రం దాకా అక్కడే ఉన్నాడు, ఆ కేక విన్నాడు. చోట్ల పుస్తకంలో మనిషి పేరు రాయకూడదు. అందుకని కేకని రాసిపెట్టుకున్నాడు.

"ఇంకోసారి చదువమ్మా" అంది ఆవిడ. మేడమ్ చదివింది. ఈసారి మెల్లగా చదివింది.

ఆ పేజీ అడుగున లంక బొమ్మ ఒకటి గీసి ఉంది. ముక్కు తిరిగిన మామిడికాయలా ఉంది. నేను ఫోను తీసి, ఆకాశంలోంచి తీసిన గోదావరి బొమ్మ తెరిచి, వేలితో ఎగువ నుంచి దిగువకి జరుపుకుంటూ పోయాను. రెండు వంపులు దాటాక, మా మండలంలోనే, నడి ఏట్లో మామిడికాయ! అదే ముక్కు, అదే వంపు, తొడిమ దగ్గర అదే నొక్కు.

"దొరికింది!" అని నేను అరిచిన అరుపుకి బయట చెట్టు కింద అర్జీ రాయించుకుంటున్నవాళ్ళు లోపలికి పరిగెత్తుకొచ్చారు. పుస్తకం పక్కన ఫోను పెట్టి చూశాం. అచ్చుగుద్దినట్టుంది. మేడమ్ అంతటి మేడమ్ "ఇవాళ మీరు నిజంగానే ఏదో చేశారండీ" అంది. తహసీల్దారుగారు అందరికీ బజ్జీలు తెప్పించారు. లెక్కల లెక్చరరు కూడా బొమ్మని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, తప్పు దొరక్క, ఒక బజ్జీ తీసుకుంది.

ఒక్క సంగతి. ఆ తర్వాతి లెక్క పుస్తకంలో అదే శివారు నంబరు ఎదురుగా "జనము లేదు. ఏరు." అని ఉంది. చూశాను. ఎవడో తిండి వేళకి తొందరపడి రాసి ఉంటాడనుకుని పేజీ తిప్పేశాను.

మర్నాడు పొద్దున్నే గట్టు మీదికి పోయాం. నేను, తల్లీకూతుళ్ళు, అటెండరు. అక్కడొక పేట, పేట మొదట్లో ఒక చర్చి. దాని నీడలో కారు పెట్టి, నలుగురైదుగురు మనుషుల్ని కేకేసి రాయిని రేవులోకి దింపించాం. పడవవాడు రాయిని చూసి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"పడవలోకి రాయేంటండీ బాబూ? మునగడానికి అంత తొందరేం వచ్చిందండి?"

"అది రాయి కాదయ్యా, మా అమ్మ" అంది పెద్దావిడ.

"ఆయ్, అలాగాండి! అయితే అమ్మగార్ని మధ్యలో కూర్చోబెట్టండి. అంచున కూర్చుంటే భయపడతారు."

పడవ తాడు విప్పబోతే కట్టిన గుంజ తాడుతోపాటు ఊడి చేతిలోకి వచ్చేసింది. "ప్రతి వరదకీ ఇదే గోలండి. కొత్త గుంజ పాతడం, అది కుళ్ళడం" అని దాన్ని గట్టు మీద పడేసి ఇంజను లాగాడు.

ఏటి గాలికి పెద్దావిడకి ఎక్కడలేని హుషారు వచ్చేసింది. కొంగు నడుముకి దోపుకుని, చేతికర్రతో నీళ్ళని పొడుస్తూ, "ఇంకెంత దూరం? ఇంకెంత దూరం?" అని ఆరేళ్ళ పిల్లలాగే అడిగింది. నేను కూడా తక్కువ తినలేదు. దిగీ దిగగానే సమాధి ఎటువైపు ఉంటుందో, చర్చి పునాది ఎక్కడ తగులుతుందో పడవలోనే చూపించేశాను.

దిగాం. మొక్కజొన్న, పుచ్చపాదులు, రెండు కాపలా పాకలు. అంతే. తాడిచెట్టు కాదు కదా, తాటిమట్ట కూడా లేదు. పునాది కోసం నేను కర్రతో పొడిచిన చోటల్లా ఇసక. "కొంచెం అటు... కాదు, కొంచెం ఇటు..." అంటూ లంక ఈ కొస నుంచి ఆ కొసకి తిప్పాను. లెక్చరరు మొహం కొద్దికొద్దిగా నిన్న కారు దిగినప్పటి మొహం అయిపోతోంది.

పెద్దావిడ తూర్పు కొసన నిలబడింది. "అబ్బాయ్, కేక వెయ్యి" అంది.

"ఎందుకండీ?"

"గట్టు మీదకి వినపడాలి గదా. పుస్తకంలో ఉంది. వెయ్యి."

ఎదురుగా గట్టు దూరంగా, సన్నటి గీతలా ఉంది. రేవులో బట్టలు ఉతుకుతున్న ఆడవాళ్ళు బియ్యపు గింజల్లా కనిపిస్తున్నారు. గుండెల నిండా గాలి పీల్చి కేక వేశాను. పుచ్చపాదుల్లో కొంగలు రెండు స్పృహ తప్పి పడిపోయాయి. (పెంచింది ఇక్కడే. ఇక లేదు.) గట్టు మీద మాత్రం ఎవరూ తల తిప్పలేదు. పడవవాడు చేతులు దొన్నెలా పెట్టుకుని అరిచాడు. అటెండరు అరిచాడు. చివరికి లెక్చరరు కూడా, అటూ ఇటూ చూసి, "ఓయ్!" అంది. గింజలు వంచిన నడుం ఎత్తలేదు.

పెద్దావిడ చేతికర్ర ఇసకలో గుచ్చింది. "మా అమ్మది సన్నటి గొంతు. నీ గొంతే పోని చోట ఆమె గొంతు ఎలా పోద్ది? ఇది కాదు అబ్బాయ్."

కోపం లేదు ఆ మాటలో. ఉండుంటే బాగుండేది. రాయి పడవలో ఎండలో కూర్చుని ఉంది. ఆవిడ దానికేసి చూసిన చూపు, రైలు తప్పిపోయినవాళ్ళు చేతిలో టిక్కెట్టుని చూసుకునే చూపు.

నేను పడవవాణ్ణి పక్కకి లాగాను. "ఏంటయ్యా, ఈ లంక ఎప్పటిది?"

"మా నాన్న చిన్నప్పుడు ఇక్కడ వల వేసేవోరంటండి. గడ వేస్తే అడుగు అందేది కాదంట. అప్పట్లో వచ్చిన పెద్ద వరద తర్వాత మేట వేసి, వేసి, మా నాన్నకి పెళ్ళయ్యేనాటికి ఇలా తేలిందంటండి."

నేను పుచ్చపాదుల్లోనే కూలబడ్డాను.

పిల్లలూ, ఇక్కడ నన్ను తిట్టుకోండి. ముప్ఫై ఏళ్ళు ఏటి ఒడ్డున ఉద్యోగం చేసినవాణ్ణి. లంక భూముల తగాదా వచ్చిన ప్రతిసారీ "ఏరు పైన కోస్తుంది, కింద పెడుతుంది" అని రైతులు అంటుంటే చెవులారా విన్నవాణ్ణి. ఉప్పాడ దగ్గర సముద్రం ఊళ్ళు మింగుతుంది. మింగింది మళ్ళీ కక్కదు. గోదారి అలా కాదు, ఒకచోట మింగి ఇంకోచోట కక్కుతుంది. పాత బొమ్మా కొత్త బొమ్మా ఒక్కలా కనిపించగానే బజ్జీలు తిన్నానే గాని, నాకు రావాల్సింది అనుమానం. డెబ్భై ఏళ్ళు ఒకే ఆకారంలో ఉంటే అది లంక ఎందుకవుతుంది? కొండ అవుతుంది.

అప్పుడు గుర్తుకొచ్చింది: "జనము లేదు. ఏరు." తిండి వేళకి తొందరపడి రాసింది కాదది. ఉన్నది ఉన్నట్టు రాశాడు. పోయినసారి ఊరున్న చోటికి పోయి చూస్తే అక్కడ ఏరు ఉంది, అదే రాశాడు.

ఎగిరి లేచాను. "అమ్మా! లంక నడిచింది! మీ లంకని ఏరు కోసేసింది. ఇది వేరే లంక. మనం కాదు తప్పు చోటికి వచ్చింది, చోటే..."

"నిన్న ఇదే ఆ లంక అన్నారు" అంది లెక్చరరు. "ఇవాళ లంక నడిచిందంటున్నారు. మధ్యాహ్నానికి ఎగిరిందంటారా? మీ మేడమ్ నిన్ననే చెప్పబోయింది, మేమే వినలేదు."

నా ఉద్యోగ జీవితంలో నేను అంత పెద్ద నిజం చెప్పింది ఆ రోజే. నమ్మే నాథుడు లేడు. చివరికి ఫోను తీసి మేడమ్‌కి చేశాను.

"మేడమ్, ఏరు అని రాసిన పుస్తకం తియ్యండి. లంక పోతే మనుషులు ఎక్కడికో ఒకచోటికి పోవాలి గదా. లంక నుంచి వచ్చినవాళ్ళు అన్న మాట ఎక్కడైనా ఉందేమో చూడండి."

"లంక నడిచిందా? ఇది మీ తుమ్ము కంటే పెద్దగా ఉందే" అంది. కాని ఫోను పెట్టెయ్యలేదు. పేజీలు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తహసీల్దారుగారు "ఆ కింద చూడండి, కింద" అనడం కూడా వినిపించింది. ఫోను అందరికీ వినబడేలా పెట్టి అరచేతిలో పట్టుకున్నాను. ఐదుగురం దాని చుట్టూ వంగాం.

"ఉందండీ!" మేడమ్ గొంతు కీచుమంది. "వినండి. 'గట్టువార కొత్తపేట. లంక ఏటపడిపోగా తరలివచ్చినవారు. పడమర: రేవు, గోదావరి. ఉత్తరము: కాలువ తూము. తూర్పు: ప్రార్థనాలయము. దూలములు మూడును లంకనుండి తెచ్చిన తాడిచెట్లవి.'"

పడవవాడు నోరు తెరిచాడు. "రేవు పక్కన, తూముకి ఇవతలాండీ? అది మా పేటేనండి బాబూ! పొద్దున మీరు కారెట్టింది ఆ చర్చి కిందే!"

తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇంజను అంత వేగంగా ఎప్పుడూ పోయి ఉండదు. లెక్చరరు రాయిని రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. పడవ ఒడ్డు తగలకముందే అటెండరు నీళ్ళలోకి దూకాడు, మోకాలి లోతనుకుని. నడుం లోతుంది.

ఆ చర్చికి ముందు భాగం కొత్తగా పోసిన శ్లాబు. వెనక భాగం మాత్రం పాత పెంకుటికప్పు. ఆ కప్పు కింద మూడు దూలాలు, నల్లగా, నిగనిగలాడుతూ. తాడి చేవ మీద చెదలు కూడా పన్ను విరగ్గొట్టుకుంటుంది. సంఘపెద్ద ఒకాయన వచ్చాడు. లంక వదిలినప్పుడు ఆయన తల్లి ఒళ్ళో పిల్లవాడట. పెద్దలు చెప్పిందే చెప్పాడు.

"ఏరు కోసుకొస్తోందని ముందే తెలిసిందంటమ్మా. గుడి కప్పు విప్పేశారు. చెట్లు ఏట్లో పడిపోయే లోపలే నరికి పడవలకి కట్టి, పాయ దాటించి, ఎదురుగా ఉన్న ఈ రేవుకే లాగారు. గంట తెచ్చారు. బల్లలు తెచ్చారు. సమాధులు మాత్రం..." ఆయన చేతులు చూపించాడు. "తేలేకపోయారమ్మా."

పెద్దావిడకి కుర్చీ తెచ్చి వేశారు. ఆవిడ కూర్చోలేదు, ఎక్కి నిలబడతానంది. కూతురు "అమ్మా, మోకాళ్ళు!" అంటున్నా వినలేదు. నేనొకవైపు, అటెండరు ఒకవైపు పట్టుకున్నాం. ఆవిడ చెయ్యి ఎత్తి మొదటి దూలాన్ని తాకింది. దిగి, కుర్చీ జరిపించి, రెండోదాన్ని. మూడోదాని దగ్గర చాలాసేపు ఉంది. "దీని కిందే గదా" అని తనలో తను అనుకుంది. ఏటివైపు చెట్టు ఆ మూడింట్లో ఏదో దేవుడికే తెలియాలి.

"మా ఆవరణలోనే పెట్టండమ్మా రాయి. పూలమొక్కల పక్కన బాగుంటుంది" అన్నాడు సంఘపెద్ద.

"వద్దు బాబూ. ఇక్కడ పెడితే అబద్ధం అవుద్ది. మా అమ్మ ఇక్కడ లేదు."

ఆవిడ చర్చి మెట్లు దిగి రేవులోకి నడిచింది. మేమంతా వెనకాల. ఎదురుగా ఏరు, వెడల్పుగా, ఎండకి వెండి రేకులా. ఒకప్పుడు చిన్న పాయ, దాని అవతల లంక, లంక అంచున మూడు చెట్లు ఉన్న చోట ఇప్పుడు నీళ్ళే. ఆవిడ నీళ్ళకేసి చూసి, కాళ్ళ కింద మెట్టు చూసుకుంది.

"నాన్న ఇక్కణ్ణించే గదా పలికింది" అంది. "పిలిచిన చోటు పోయింది. పలికిన చోటు ఉంది."

తర్వాత పొద్దున పడవవాడు గట్టు మీద పడేసిన కుళ్ళిన గుంజని కర్రతో పొడిచింది. "ఏమయ్యా, పడవ దేనికి కడతావు ఇప్పుడు?"

"ఏదో ఒక కర్ర పాతుతానండి."

"కర్ర ఎందుకు? ఈ రాయి పాతు. దీనికి కట్టు."

పడవవాడు లెంపలు వేసుకున్నాడు. "అమ్మగారి పేరున్న రాయికి తాడు కట్టడమేంటండీ! పాపం తగుల్తాది!"

"ఏం పాపం? మా అమ్మ రోజూ కేక వేసిందే పడవ ఒడ్డుకి రావాలని. కట్టు."

లెక్కల లెక్చరరు చెంగుతో మొహం తుడుచుకుని, "గొయ్యి లోతుగా తియ్యండి, వరదకి కదలకూడదు" అని లెక్కలోకి దిగిపోయింది. పేటంతా వచ్చింది. ఒకరు గడ్డపార, ఒకరు సిమెంటు, ఒకరు కంకర. నేను అందరికీ సలహాలు. సాయంత్రానికి రాయి నిలబడింది, పేరు ఏటివైపు తిరిగి. నేనిచ్చిన మాట నెగ్గిందని గుర్తుపెట్టుకోండి. చోటు తప్పినా పొద్దు తప్పలేదు.

పడవవాడు రాయికి దణ్ణం పెట్టి మొదటి ముడి వేశాడు. పెద్దావిడ నీటి అంచున నిలబడి, కర్ర చంకన ఇరికించుకుని, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, ఉన్నట్టుండి కేక వేసింది:

"ఆఁ... వస్తన్నా!"

ఏరు పట్టించుకోలేదు. కూతురు గబుక్కున ఆవిడ చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ మావైపు తిరిగి మా మొహాలు చూసి కర్ర ఊపింది.

"అలా చూస్తారేంటర్రా? ఇప్పుడే కాదులే."

నవ్వలేక చచ్చాం. వెళ్ళేటప్పుడు టైర్లు పైకి లేచి కారు తేలిగ్గా పోయింది. ఆవిడ ఇప్పటికీ నెలకోసారి ఫోను చేసి, "రాయి ఉందా అబ్బాయ్?" అంటుంది. తర్వాత వచ్చిన వరదల్లో మెడ దాకా మునిగింది గాని కదల్లేదు.

ఇక అసలు సంగతి. మొన్న ఆ పేటలో ఇళ్ల లెక్కకి ఒక టీచరమ్మ వచ్చింది. నేను గట్టు మీద కాలక్షేపానికి పోయి, ఆవిడ అరుగు మీద కూర్చుని నక్షా గీసుకుంటుంటే వెనక నుంచి తొంగిచూశాను. పడమర సరిహద్దు దగ్గర "గోదావరి" అని రాసి, దాని పక్కన పెద్దావిడ తల్లి పేరు రాసి, "రాయి, పడవల రేవు" అని పెట్టింది.

"ఈ పేరు మీకెవరు చెప్పారండీ?" అన్నాను.

"ఎవరు చెప్పడమేంటండి? ఎక్కడ దిగాలన్నా, ఎక్కడ కలుద్దామన్నా అందరూ ఆ పేరే అంటున్నారు. రేవుకి అదే పేరంట." కలం ఆపి నాకేసి చూసింది. "ఎవరండీ ఆవిడ? మీకేమైనా తెలుసా?"

నేను గొంతు సవరించుకుని లంక నడవడం దగ్గర మొదలుపెట్టాను. రెండు మాటలైనా కాకముందే టీచరమ్మ నవ్వేసింది. "మీ గురించి విన్నానండి" అని సంచి సర్దుకుని పక్కింటికి పోయింది.

పోనివ్వండి. కథ నమ్మకపోయినా రాయాల్సింది రాసింది. మనుషుల పేర్లు లెక్క తేలాక తీసేస్తారని మొదట్లోనే చెప్పాను. చోట్ల పేర్లు తీసెయ్యరు.